మాటతో పాటు మాత్రను వ్రాయు యంత్రము

కైకలూరు, మండవల్లి, ఆకివీడు పరిసరములందలి చేపల చెరువులలో రాత్రియెల్ల నాచును, సూక్ష్మజీవులును, చేపలును ప్రాణవాయువును పీల్చుకొనుచుండుటచేతను, సూర్యరశ్మి లేనందున దానిని తిరిగి పుట్టించు వ్యాపారము ఆగిపోవుటచేతను, తెల్లవారుజామునకు నీటిలో కరగియున్న ఆక్సిజను కనిష్ఠమునకు దిగును. అప్పుడు బొచ్చెలు, శీలావతులు నోళ్లు తెరచుకొని నీటిపైకి వచ్చును. గట్టుమీది రైతు నీటికి గాలి పట్టించు ఏరియేటర్ల మీట నొక్కి, ఆ చప్పుడులోనే సలహాకొరకు ఫోను చేయును. అట్టి సంభాషణను కంప్యూటరు చేత అక్షరములుగా మార్పించినచో "చేపలు నీటిపైకి తేలిపోతున్నాయండి" యను వాక్యము చక్కగా అచ్చుపడి వచ్చును. కాని ఆ వాక్యము ఎంత వడిగా వెలువడినది, ఏ అక్షరముకడ గొంతు పైకి లేచినది, అవతలివాని ప్రశ్నకును ఇతని జవాబునకును నడుమ ఎంతసేపు నిశ్శబ్దము నిలిచినది, వెనుక మోటారు తిరుగుచున్నదా లేదా యను సంగతులలో ఏ యొక్కటియు ఆ కాగితము మీదికి ఎక్కదు.

ఇట్లు జారిపోవు సంగతులను కొలిచి, అక్షరముల ప్రక్కన అంకెలుగా నిలుపు విద్యకు ఆడియో అనలిటిక్స్ అని పేరు. మాటను వ్రాతగా మార్చు ప్రోగ్రామునకు ఈ కొలతలను జోడించుట నేడు పెద్ద సంస్థలకే గాక, ఒక మంచి కంప్యూటరును, ఓపికయును గల విద్యార్థికిని సాధ్యమైన పని. కాని ఆ కొలతలు చాలవరకు ఇంగ్లీషు వంటి భాషల నడక ననుసరించి ఏర్పడినవి. వానిని ఉన్నవున్నట్లు తెచ్చి ఏలూరు మాటకు తొడిగినచో లెక్క తప్పును. తెలుగు మాటను కొలువవలసిన ప్రమాణము పదము కాదనియు, మన లాక్షణికులు వేయేండ్లకు పైగా వాడుచు వచ్చిన అక్షరమును, మాత్రయునే దానికి తగిన ప్రమాణములనియు నేను దృఢముగా నమ్ముచున్నాను. అది ఎట్లో చూపుటకే ఈ వ్యాసము.

మాటను యంత్రముచే గుర్తింపజేయు శాస్త్రమునందు తెలుగువారికి గొప్ప వారసత్వమే కలదు. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937 లో జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డి, లోకమునకు రాజ్ రెడ్డిగా పరిచితుడైన మహనీయుడు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1966 లో డాక్టరేటు పొంది, పిమ్మట కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున హియర్‌సే మొదలగు వాగ్గ్రహణ వ్యవస్థలను నిర్మింపజేసి, 1994 లో ట్యూరింగ్ పురస్కారమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలసి అందుకొనెను. ఆయన మార్గము ప్రధానముగా "ఏమి పలికిరి" అను ప్రశ్నను వెంబడించినది. మరియొక మార్గము బి. యజ్ఞనారాయణ గారిది. మద్రాసు ఐఐటీలోను, తరువాత హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోను పెక్కుమంది శిష్యులను తీర్చిదిద్దిన ఆ ఆచార్యుడు, ధ్వని గొంతులో ఎట్లు పుట్టుచున్నదో దానిని అలలోనుండియే చదువుటకు ప్రయత్నించెను.

ఆయనయు, కె. శ్రీరామమూర్తి గారును 2008 లో ప్రకటించిన పద్ధతి ఎంత సరళమో అంత మనోహరము. స్వరతంత్రులు మూసికొను ప్రతి క్షణమునను గాలిపై ఒక తాకుడు పడును. క్షణికమైన తాకుడు ఏ ఒక్క పౌనఃపున్యమునకో పరిమితము గాక అన్నింటియందును వ్యాపించును గనుక, సున్న పౌనఃపున్యముకడ కూడ దాని జాడ నిలిచియుండును. నాలుక, పెదవులు, దవడ కలసి కల్పించు అనునాదములు మాత్రము అంతకంటె చాల ఎగువనే ఉండును. కావున సున్న చుట్టుప్రక్కల భాగమును మాత్రమే వడకట్టి తీసికొని, అందలి నెమ్మదియైన వాలును తొలగించినచో, అక్షరములను తీర్చు అవయవముల ప్రభావము చాలవరకు తొలగి, గొంతు మూసికొనిన క్షణములు ఒకదాని తరువాత నొకటిగా బయటపడును. ఏమి పలికిరో చెప్పు మార్గమును, ఎట్లు పలికిరో చెప్పు ఈ మార్గమును ఒకే ప్రోగ్రాములో కలుపుటయే మన ప్రస్తుత విషయము.

మాటను వ్రాతగా మార్చు యంత్రము ఎట్లు వినునో కొంచెము చెప్పికొనవలెను. మైకులోనికి వచ్చిన గాలి ఒత్తిడిని అది సాధారణముగా సెకనుకు 16,000 పర్యాయములు కొలిచిన అంకెలుగా గ్రహించును. వానిని 25 మిల్లీసెకన్ల తునకలుగా, అనగా నాలుగువందల అంకెల చొప్పున తీసికొని, ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక అడుగు ముందుకు జరుగును. కనుక ఒక నిమిషపు మాట ఆరువేల తునకలగును. ఒక్కొక్క తునకలో ఏ పౌనఃపున్యమున ఎంత శక్తి యున్నదో లెక్కించి, మనుష్యుని చెవి గ్రహించు తీరునకు సరిపడునట్లు వానిని కొన్ని పట్టీలుగా కూర్చును. ఓపెన్‌ఏఐ సంస్థ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన విస్పర్ అను నమూనా ఇట్టి ఎనుబది పట్టీలను, ముప్పది సెకన్ల ఖండములుగా చదువును. దానికి 6,80,000 గంటల ధ్వనిముద్రణలతో శిక్షణ గరపిరి. మన దేశభాషలకై మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందము ఆకాశవాణి వార్తల నుండి కూర్చిన శ్రుతిలిపి యను సంచయము పండ్రెండు భాషలలో 6,400 గంటలకు మించియున్నది. అందు తెలుగును కలదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ఆరంభమైన నాటినుండి ఏలూరు ఇండ్లలో వినవచ్చిన ఆకాశవాణి వార్తాపఠనము ఇట్లు యంత్రమునకు పాఠ్యపుస్తకమైనది. అది మంచిదే, కాని స్టూడియోలో నిదానముగా చదివిన వార్తకును, చెరువుగట్టున తొందరలో పలికిన మాటకును గల దూరము చిన్నది కాదు.

ఇచట గమనింపవలసిన ముఖ్యాంశము ఒకటి కలదు. ఎవరు పలికినను, ఏ శ్రుతిలో పలికినను, ఒకే మాటకు ఒకే అక్షరములు రావలెనని గదా ఆ యంత్రమునకు నేర్పుదురు. కనుక అది గొంతు భేదములను, వడిని, తీవ్రతను బుద్ధిపూర్వకముగా ప్రక్కకు నెట్టును. అట్లు నెట్టివేయుటయే దాని నైపుణ్యము. కావున కొలతలను దాని ఫలితము నుండి రాబట్టజూచుట వ్యర్థము. మొదటి అంకెల యొద్దకే తిరిగి వెళ్లవలెను. ఒకే ధ్వనిముద్రణను రెండు శాఖలుగా నడిపి, ఒక శాఖ అక్షరములను, మరియొక శాఖ కొలతలను తీసికొని వచ్చునట్లు కోడు వ్రాసి, రెండింటికిని ఒకే గడియారమును, అనగా ధ్వనిముద్రణ మొదటినుండి లెక్కించిన మిల్లీసెకన్లను, ఆధారముగా ఉంచవలెను. ఆ గడియారము రెండు శాఖలకు ఏ కొంచెము తేడాపడినను, ఒక మాటకు చెందవలసిన కొలత ప్రక్కమాటకు అంటుకొనును. వినుటకు ఇంపుగానుండుటకై ముందుగా రొద తగ్గించి, నిశ్శబ్దములను కత్తిరించిన ముద్రణను కొలతల శాఖకు ఇచ్చుట ఇట్టి ప్రమాదమునకు మూలము. రొద తగ్గించినది అక్షరముల శాఖకు. యథాతథమైనది కొలతల శాఖకు.

ఇక నిశ్శబ్దము. విస్పర్ వంటి నమూనాలు ఎవరును మాటలాడని చోట ఎన్నడును పలుకని వాక్యములను కల్పించి వ్రాయు దోషము గలవని అనుభవజ్ఞులందరికి తెలిసినదే. కనుక మొట్టమొదట ఏది మాటయో, ఏది కాదో విడదీసి, మాటయున్న భాగములనే దానికి అందింపవలెను. ఈ విభజన వలన మరియొక ప్రయోజనము సిద్ధించును: విరామముల జాబితా చేతికి వచ్చును. ఎంతసేపు శబ్దము లేకున్న విరామమనవలెను? వక్తలు ఆగుటను గురించి శ్రమించి పరిశోధించిన ఫ్రీడా గోల్డ్‌మన్ ఐస్లర్ 250 మిల్లీసెకన్లను హద్దుగా గైకొనెను. కొందరు ప్రోగ్రాము వ్రాయువారు ఈ హద్దును నూరు మిల్లీసెకన్లకు తగ్గించి, సూక్ష్మమైన తొట్రుపాటును సైతము పట్టుకొనగలమని తలంతురు. తెలుగున అది కుదరదు. "గద" అనునప్పుడును, "గద్ద" అనునప్పుడును నాలుక చేయు పనిని గమనింపుడు. ద్విత్వమునందు నాలుక పండ్ల మొదటిని తాకి నిలిచిపోవును. ద్దకారమున ఆ వేళ గొంతు సన్నగా మ్రోగుచుండవచ్చును గాని, "అత్త", "అక్క", "చెట్టు", "ఉప్పు" అనునప్పుడు అంతసేపును నోటినుండి శబ్దమేమియు వెలువడదు. ఆ మూతను యంత్రము విరామమని లెక్కించినచో, "ఉప్పుటేరు పక్క చెట్టు కింద" అన్న నిదానపరుడైన రైతు మూడుచోట్ల తడబడినట్లు నివేదిక వచ్చును. తెలుగు భాషకు సహజమైన ద్విత్వమును తొట్రుపాటుగా ముద్రవేయుట ఎంతటి అన్యాయమో చెప్పనక్కరలేదు. హద్దును 250 దగ్గరనే ఉంచి, అంతకన్న తక్కువవానిని చూడదలచినప్పుడు, అక్షరముల శాఖ ఆ చోట ద్విత్వమున్నదని చెప్పుచున్నదేమో విచారింపవలెను. రెండు శాఖలు పరస్పరము సాక్ష్యము చెప్పుట యనగా ఇదియే.

ఇప్పుడు వడి సంగతి. ఇంగ్లీషున నిమిషమునకు ఇన్ని పదములు అని లెక్కించుట వాడుక. మన రైతు వాక్యమునే మరల తీసికొందము. "చేపలు నీటిపైకి తేలిపోతున్నాయండి": పదములు మూడు. ఇంతటి భావమునే ఇంగ్లీషున చెప్పుటకు ఎనిమిది, తొమ్మిది మాటలు కావలెను. ఈ వాక్యమును అతడు రెండు సెకన్లలో పలికెననుకొందము. అనగా నిమిషమునకు తొంబది పదములు. ఇంగ్లీషు ప్రమాణముతో చూచినచో ఇతడు మిక్కిలి మందముగా, నిద్రమత్తులో మాటలాడుచున్నాడని యంత్రము తీర్మానించును. అక్షరములను లెక్కింపుడు: చేపలు మూడు, నీటిపైకి నాలుగు, తేలిపోతున్నాయండి ఏడు, మొత్తము పదునాలుగు. సెకనుకు ఏడక్షరములు. ఇది మందగమనము కాదు, ఆదుర్దా గల నడక. విభక్తులను, క్రియలను, మర్యాదావాచకములను ఒకే పదములో పెనవేయు భాషకు పదమును కొలబద్దగా వాడరాదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

మాత్రలను కూడ చూతము. ఛందశ్శాస్త్రము ననుసరించి లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. చేపలు నాలుగు మాత్రలు, నీటిపైకి ఆరు, తేలిపోతున్నాయండి యందు తే, పో, తు, న్నా, యం గురువులు, లి, డి లఘువులు, కనుక పండ్రెండు. మొత్తము ఇరువదిరెండు. రెండు సెకన్లను వీనికి పంచినచో మాత్రకు సుమారు 91 మిల్లీసెకన్లు వచ్చును. నిజమైన ఉచ్చారణలో గురువు లఘువునకు సరిగా రెండింతలు కాదనియు, వాక్యము చివరి అచ్చు సాగుననియు నేనెరుగుదును. అయినను అన్నియు దీర్ఘములే గల వాక్యమును, అన్నియు హ్రస్వములే గల వాక్యమును ఒకదానితో నొకటి పోల్చవలసి వచ్చినప్పుడు, అక్షరముల లెక్కకన్న మాత్రల లెక్క సత్యమునకు దగ్గరగా నుండును. ఈ గణితము పదునెనిమిదేండ్ల తెలుగు విద్యార్థికి బడిలో నేర్పినదే. దానిని కోడులో వ్రాయుటకు ఇరువది, ముప్పది పంక్తులు చాలును.

వ్రాయునప్పుడు మాత్రము ఒక గుంట కలదు. యూనికోడు పద్ధతిలో కంప్యూటరు తెలుగు అక్షరమును ఒక్క ముక్కగా దాచుకొనదు. "న్నా" యనునది దానికి నకారము, పొల్లు, నకారము, దీర్ఘపు గుర్తు అను నాలుగు సంకేతములు. పైథాన్ భాషలో పొడవును అడుగు ఆజ్ఞను "తేలిపోతున్నాయండి" మీద ప్రయోగించినచో అది పదునారు అని చెప్పును, ఉన్నవి ఏడక్షరములు. కనుక పొల్లు తరువాతి హల్లును వెనుకటి హల్లుతో కలుపవలెను. గుణింతపు గుర్తును, సున్నను దానికే చేర్చవలెను. "ఫోన్", "మోటార్" వంటి మాటల చివరి పొల్లును వేరుగా లెక్కింపక వెనుకటి అక్షరమునకు అంటగట్టవలెను. "ఫ్రేమ్‌లో" వంటి మాటల నడుమ దాగియుండు కంటికి కనబడని విడదీయు గుర్తును పట్టించుకొనరాదు. ఇంకొకటి: యంత్రము "25 కిలోలు" అని అంకెలతో వ్రాసినప్పుడు, పలికినది "ఇరవై ఐదు" గనుక ఐదక్షరములని గ్రహింపవలెను. మేతబస్తాలు, మందుల మోతాదులు, ధరలు దొర్లు చెరువుల సంభాషణలో ఈ అంకెల సంగతి మరచిన కోడు అడుగడుగున వడిని తక్కువగా చూపును.

అక్షరముల శాఖ తప్పువ్రాసినప్పుడు ఈ లెక్కయు తప్పునుగదా యను శంక కలుగవచ్చును. దానికి ప్రతివిధానముగా, వ్రాతతో నిమిత్తము లేకుండ, శబ్దతీవ్రతలోని శిఖరములను బట్టి అచ్చుల సంఖ్యను నేరుగా లెక్కించు ఉపాయమొకటి కలదు. నెదర్లాండ్సు పరిశోధకులు డి యాంగ్, వెంపె 2009 లో దీనిని ప్రాట్ అను ధ్వనివిశ్లేషణ సాధనమునకు అనుబంధముగా ప్రకటించిరి. రెండు లెక్కలును దగ్గరగా నున్నచో నమ్మవచ్చును. దూరమైనచో ఆ వాక్యమును మనుష్యుడు విని చూడవలెను.

సంభాషణలో ఎవరు ఎప్పుడు మాటలాడిరో విడదీయుట మరియొక ఘట్టము. ఒకరి మాటపై మరొకరి మాట పడినచోట్లను లెక్కించి, దానికి "అడ్డుతగులుట" అని పేరు పెట్టి, తరచుగా అడ్డుతగిలినవానిని మర్యాద తెలియనివాడని నిర్ణయించు ప్రోగ్రాములు కలవు. గోదావరి సీమలో ఈ నిర్ణయము తలక్రిందులగును. ఇచట అవతలివాడు చెప్పుచుండగా మౌనముగా కూర్చుండుట మర్యాద కాదు; వినుచున్నానని తెలుపుచు "ఆయ్" అనియో, "ఊఁ" అనియో, "అవునండి" అనియో నడుమనడుమ ఊకొట్టవలెను. ఊకొట్టనిచో చెప్పువాడు "వింటున్నారా అండి?" అని ఆగిపోవును. కాబట్టి ఒక సెకనుకన్న చిన్నదై, పలికిన పిమ్మట మాట వంతు మారకుండ మొదటివానియొద్దనే నిలిచినచో, దానిని అడ్డుగా గాక, ఆలకించుటగా నమోదు చేయవలెను. వ్రాతయంత్రములు "ఆయ్"ను నిరర్థకశబ్దమని సామాన్యముగా కొట్టివేయును. అట్లు కొట్టివేయుట కాగితమును శుభ్రము చేయునేమో కాని, రైతులకు తమ భాషలలోనే సలహా చెప్పుటకై 2004 జనవరి 21న ఆరంభమైన కిసాన్ కాల్ సెంటర్ల వంటి చోట్ల, చెప్పినది అవతలివానికి చేరినదా లేదా యను సంగతిని అన్నింటికన్న స్పష్టముగా తెలుపునది ఆ చిన్న శబ్దమే.

గొంతు శ్రుతిని కొలుచుట అన్నింటికన్న ఆసక్తికరమైనది, అన్నింటికన్న మోసగించునదియును. పురుషుని స్వరతంత్రులు సెకనుకు సుమారు 120 పర్యాయములు, స్త్రీ స్వరతంత్రులు 200 పర్యాయములు కదలుననుకొందము. పాతకాలపు టెలిఫోను మార్గము 300 నుండి 3,400 వరకు గల పౌనఃపున్యములనే మోసికొనిపోవును. అనగా పురుషుని శ్రుతియు, స్త్రీ శ్రుతియు రెండును ఆ తలుపు బయటనే ఆగిపోవును. అయినను ఫోనులో మాటలాడునది నాన్నగారో, అక్కయ్యో వెంటనే గుర్తింతుము. ఏలననగా మూలస్వరముతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా అతిస్వరములు కూడ పుట్టును. 120 పోయినది, 240 పోయినది. కాని 360, 480, 600, 720 మిగిలినవి. వీని నడుమ ఎడము ఎల్లప్పుడు 120. చెవి ఆ ఎడమును గ్రహించి, లేని మూలస్వరమును ఉన్నట్లు వినును. అలను తనమీద తానే కొంచెముకొంచెముగా జరిపి, ఎంత జరిపినప్పుడు తిరిగి తనతో తాను సరిపోవునో చూచు గణితము కూడ ఈ ఎడమునే పట్టుకొనును. మిక్కిలి గంభీరమైన 80 హెర్ట్‌జ్ గొంతులో ఒక్క కదలిక 12.5 మిల్లీసెకన్లు పట్టును గనుక, వ్రాత శాఖ వాడు 25 మిల్లీసెకన్ల తునకలో రెండు కదలికలే పట్టును. శ్రుతి కొలుచుటకు నలుబది, ఏబది మిల్లీసెకన్ల తునకలు తీసికొనుట ఉచితము.

ఇక మోసము. మన దేశమున విద్యుత్తు సెకనుకు ఏబది ఆవృత్తులతో ప్రవహించును. దానితో నడచు మోటారు రొదలో నూరు హెర్ట్‌జ్ స్వరమును, దాని గుణిజములును బలముగా నుండును. ఏరియేటరు ప్రక్కన నిలిచి రైతు ఫోను చేసినప్పుడు ఆ నూరును, ఇన్నూరును టెలిఫోను మార్గమున ఆగిపోయినను, మూడువందలు, నాలుగువందలు, ఐదువందలు లోనికి వచ్చును. ఎడము నూరు. లేని మూలస్వరమును కనిపెట్టగల ఆ గణితమే ఇప్పుడు చెరువుగట్టున నూరు హెర్ట్‌జ్ గొంతు గల పురుషుడొకడు ఎడతెగక మాటలాడుచున్నాడని చెప్పును! రైతు భార్య ఫోను చేసినప్పుడు, ఆమె ఆగిన ప్రతిచోటను ఒక మగగొంతు ప్రవేశించినట్లు పట్టికలో కనబడును. దీనిని కనిపెట్టుటకు మార్గమేమనగా, మనుష్యకంఠము ఒక్క సెకనైనను ఒకే శ్రుతిలో నిలువదు, మోటారు నిలుచును. కొన్ని సెకన్ల పర్యంతము శ్రుతి అణుమాత్రము కదలనిచో, అది గొంతు కాదని కోడు విడిచిపెట్టవలెను. ఇట్లే యంత్రము ఒక్కొక్కప్పుడు ఇన్నూరు శ్రుతిని నూరుగా, అనగా సగముగా చదువును. అందుచేత శ్రుతులకు సగటు తీయక, వరుసలో నడిమిదగు మధ్యగతమును గైకొనుట మేలు. ఎక్కుదిగులను చెప్పునప్పుడు హెర్ట్‌జులలో గాక, సంగీతపు మెట్లలో చెప్పవలెను: నూరునుండి నూటయిరువదికి లేచిన పురుషుడును, ఇన్నూరునుండి రెండువందల నలుబదికి లేచిన స్త్రీయు చెవికి సమానముగానే, మూడు అర్ధస్వరములకు కొంచెము పైగా, గొంతు పెంచిరి. హెర్ట్‌జులలో చూచినచో ఆమె ఇతనికి రెండింతలు ఉద్రేకపడినట్లు తోచును.

తీవ్రతను గురించి క్లుప్తముగా చెప్పెదను. మైకునకు నోటికి గల దూరము రెండింతలైనచో తీవ్రత ఆరు డెసిబెల్లులు తగ్గును. కనుక ఒక సంభాషణ తీవ్రతను మరియొక సంభాషణతో పోల్చుట నిష్ప్రయోజనము. ఒకే సంభాషణలో మొదటికిని తుదకును పోల్చవచ్చును. చుట్టును రొద పెరిగినప్పుడు మనుష్యుడు తనకు తెలియకయే గొంతు పెంచుననియు, శ్రుతి కూడ దానితో లేచుననియు ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911 లో వెల్లడించెను. ఏరియేటరు ప్రక్కన నిలిచినవాడు బిగ్గరగా మాటలాడుట కోపము కాదు.

ఈ కొలతలను పేర్చి, "ఇతడు కోపముగా నున్నాడు", "ఈమె అబద్ధమాడుచున్నది" అని చెప్పు ప్రోగ్రాములను నేను అంగీకరింపలేను. వడి పెరిగినది, శ్రుతి లేచినది, విరామములు తగ్గినవి యనుట కొలత. కోపమనుట తీర్పు. ఆ తీర్పునకు ధ్వనిలో ఆధారము చాలదు. యూరోపు సమాఖ్య 2024 లో చేసిన కృత్రిమమేధా చట్టము, వైద్యము, భద్రత అను కారణములకు తప్ప, ఉద్యోగస్థలములలోను, విద్యాలయములలోను మనుష్యుల భావోద్వేగములను ఊహించు యంత్రములను నిషేధించినది. ఆ నిషేధము 2025 ఫిబ్రవరి 2 నుండి అమలులోనికి వచ్చినది. మన దేశమున 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టము క్రింద, ఎవరిదో గుర్తింపదగిన కంఠధ్వని వ్యక్తిగత డేటాయే యగును. అక్షరములకొరకు సమ్మతి నిచ్చినవాడు తన గొంతును కొలుచుటకు కూడ సమ్మతించినట్లు భావింపరాదు. ఆ సమ్మతిని వేరుగా, రైతుకు అర్థమగు మాటలలో అడుగవలెను. కోడులో కొలతల శాఖకు ప్రత్యేకమైన మీట యొకటి ఉంచి, సమ్మతి లేనిచోట అది ఆరియుండునట్లు చేయుట కష్టమేమియు కాదు.

కోడు కట్టుబాటులో ఇంకొక నియమమును నొక్కి చెప్పుచున్నాను. కొలువ వీలుకానిచోట సున్న వ్రాయరాదు, ఖాళీగా విడువవలెను. "స", "త", "ప" వంటి శ్వాసములు పలుకునప్పుడు స్వరతంత్రులు కదలవు గనుక శ్రుతి లేదు. అచట సున్న వ్రాసి సగటు తీసినవాడు, సకారములు మెండుగా గల మాటలు పలికినవానికి మంద్రమైన గొంతు నంటగట్టును. కొలత ప్రక్కన దానిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలుపు అంకెను, ఏ హద్దులతో కొలిచిరో ఆ హద్దులను, ప్రోగ్రాము ఎన్నవ రూపముతో కొలిచిరో దానిని చేర్చి దాచినచో, రేపు హద్దు మార్చినప్పుడు పాత లెక్కలను క్రొత్తవానితో కలిపివేయు ప్రమాదముండదు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగుదేశమును భాషావిషయమున నాలుగు మండలములుగా విభజించినప్పుడు, గోదావరి, కృష్ణా, గుంటూరు సీమలు మధ్యమండలమున చేరినవి. ప్రమాణభాషకు ఈ మండలమే ఆధారమనుట చేత, ఇచటి మాట యంత్రమునకు సులభముగా అబ్బునని పలువురు తలంతురు. పత్రికల భాషవరకు అది నిజము. కాని ఆయన 1962 లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము చూచినవారికి, ఒక్క మండలములోనే పనిముట్ల పేర్లు ఊరూరికి ఎంత మారునో విదితము. కొల్లేటి సరస్సులో తాటిదోనె నడపు వడ్డీ జాలరుల మాటలు, వారు చేపలు పట్టు మావుల పేర్లు, వలల పేర్లు ఏ వార్తాప్రసారమునను వినబడవు. మాట గుర్తింపునకే కాదు, కొలతలకును ఇచటి ముద్రణలే కావలెను.

తాడేపల్లిగూడెమున 2015 లో నెలకొనిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు ఈ పనికి పూనుకొనిన బాగుండునని నా కోరిక. వారికి చెరువులు ఇరుప్రక్కల కలవు, పదిమంది గొంతులు ఒక్కమారే వినవచ్చు ఉల్లిపాయల మార్కెట్టు ఊరిలోనే కలదు, పక్షుల అరుపులు గొంతు వెదకు గణితమును ఎంత తికమకపెట్టునో చూచుటకు ఆటపాక పక్షికేంద్రము కలదు. సమ్మతించిన రైతుచేత ఒకే వాక్యమును ఏరియేటరు ఆపి ఒకమారు, నడిపి ఒకమారు పలికించి, రెండింటిని పాత మార్గపు ఫోనులోను, 4జీ ఫోనులోను ముద్రించినచో, కొలతలో ఎంత భాగము గొంతునకు, ఎంత మోటారునకు, ఎంత ఫోనునకు చెందునో వేరుపడును. పిమ్మట ఈ సీమలోనే పుట్టిపెరిగిన ఇద్దరు, ఒకరి గుర్తులు మరొకరు చూడకుండ, ప్రతి "ఆయ్" ఊకొట్టుటయో, ప్రశ్నయో, సమ్మతియో విని గుర్తుపెట్టవలెను. ఇద్దరికిని కుదిరినవానితోనే యంత్రమును పరీక్షించి, కుదరనివానిని వేరొక దస్త్రమున దాచి, వానిని మూడవవారికి మరల వినిపింపవలెను.